హరికథ వేదిక మీద ట్యాబ్: ఏ యూఎస్‌బీ-సీ హబ్, ఏ కేబుల్ కొనాలి?

రాజోలు మిత్రుడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆయన దగ్గర పదో తరం ఐప్యాడ్ ఉంది. హరికథా భాగవతార్ పక్కన కూర్చుని దాని నుంచి తంబుర శ్రుతి, కీబోర్డు స్వరాలు ఇస్తున్నారు. ఇంటి దగ్గర అదే ఐప్యాడ్‌లో కండెన్సర్ మైకు పెట్టి కథలు రికార్డు చేస్తున్నారు. ఏ మీట నొక్కారో ట్యాబ్‌కు చెప్పే ఒక మిడి కీబోర్డు, మైకునూ స్పీకర్లనూ ట్యాబ్‌కు కలిపే రెండు చానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ట్యాబ్ ఒక్క పోర్టునూ చాలా పోర్టులుగా చీల్చే పెట్టె, అంటే ఎనిమిది రకాల పోర్టులున్న చవక హబ్ ఉన్నాయి. కథ మధ్యలో కీబోర్డు ఉన్నట్టుండి పలకడం మానేస్తోంది. ఛార్జర్ పెడితే స్పీకర్లలో హోరు వస్తోంది. సెకనుకు 10 గిగాబిట్ల హబ్, ఇంకా వేగంగా డేటా మోసే థండర్‌బోల్ట్ కేబుల్ కొంటే ఇవన్నీ పోతాయా అని ప్రశ్న. కార్తీకమాసం కార్యక్రమాల లోపు తేల్చుకోవాలట.

వాటితో ఇవేవీ పోవు. ఆ డబ్బు వేరేదానికి పనికొస్తుంది. మీ ఇబ్బంది వేగానిది కాదు, కరెంటుది.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 24 బిట్లు, రెండు చానెళ్లు. గుణిస్తే సెకనుకు 23 లక్షల బిట్లు, అంటే 2.3 మెగాబిట్లు. పాతదని మనం చిన్నచూపు చూసే యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లు. పద్దెనిమిది చానెళ్లు ఒకేసారి రికార్డు చేసినా 21 మెగాబిట్లు దాటదు. ఇక మిడి అంటారా, 1983 నాటి ఆ ప్రమాణంలో సెకనుకు వెళ్లేవి 31,250 బిట్లే. పైగా 2022లో వచ్చిన మీ పదో తరం ఐప్యాడ్‌కు ఉన్న సీ పోర్టు యూఎస్‌బీ 2.0 వేగంతోనే పనిచేస్తుంది. హబ్ మీద 10 అని రాసి ఉన్నా 40 అని రాసి ఉన్నా మీ ట్యాబ్ 480 దగ్గరే ఆగుతుంది. వాయించినప్పుడు స్వరం ఆలస్యంగా వినిపించడం కూడా హబ్ వేగంతో తగ్గదు. అది యాప్‌లో మీరు పెట్టే బఫర్ పరిమాణాన్ని, అంటే శబ్దాన్ని ఎంతెంత పోగుచేసి పంపాలన్న అమరికను బట్టి ఉంటుంది. ఐప్యాడ్ ప్రో లాంటిది పెట్టుకుని, బయటి ఎస్ఎస్‌డీలోంచి పెద్ద పెద్ద వాద్య నమూనాలు లాగేవాళ్లకు వేగవంతమైన హబ్ అవసరం. మీకు కాదు.

ఇక కరెంటు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపియర్లు. యూఎస్‌బీ 3లో అది 900. మీ ఇంటర్‌ఫేస్‌లో కండెన్సర్ మైకు కోసం 48 వోల్టుల ఫాంటం మీట (మైకుకు కరెంటు పంపేది) నొక్కితే, ఆ 48 వోల్టులూ ఈ 5 వోల్టుల్లోంచే పుట్టాలి. చిన్న ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు 500లోపు సర్దుకునేలా తయారవుతాయి. కొత్తవాటిలో కొన్ని 900, మరికొన్ని 1,500 మిల్లీయాంపియర్ల దాకా అడుగుతాయి. దీపాలు వెలిగే ప్యాడ్లున్న మిడి కీబోర్డు ఇంకొంత తీసుకుంటుంది. ఇవన్నీ విడిగా కరెంటు లేని హబ్‌కు తగిలిస్తే మొత్తం భారం ఐప్యాడ్ బ్యాటరీ మీద పడుతుంది. మన డెల్టాలో పై తూముల దగ్గర నీళ్లు ఎక్కువ తోడుకుంటే శివారు ఆయకట్టు ఎండినట్టే, ఇంటర్‌ఫేస్ తన వాటా లాగేసుకున్నాక చివర ఉన్న కీబోర్డుకు వోల్టేజి చాలదు. ఫాంటం నొక్కిన కాసేపటికి కీబోర్డు పోయిందంటే కారణం ఇదే. ఈ పరికరానికి ఎక్కువ కరెంటు కావాలి, వాడలేము అని ఐప్యాడ్ తెర మీద సందేశం వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

కాబట్టి హబ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది దానికి బయటి నుంచి కరెంటు తీసుకునే దారి ఉందా లేదా అన్నది. రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి, పవర్ డెలివరీ (సీ పోర్టు గుండా ఎక్కువ వాట్లు పంపే పద్ధతి) ఛార్జింగ్ పోర్టు ఉన్నది. దానికి సీ ఛార్జర్ తగిలిస్తే హబ్‌కూ, అందులో ఉన్న పరికరాలకూ, ఐప్యాడ్‌కూ కరెంటు అందుతుంది. రెండోది, గుండ్రటి పిన్ను అడాప్టర్‌తో నడిచేది. దాని పోర్టులకు కరెంటు ధారాళంగా అందుతుంది గానీ సాధారణంగా ట్యాబ్ ఛార్జ్ కాదు. ఇంట్లో రికార్డింగ్‌కు రెండోది కూడా బాగుంటుంది. వేదిక మీదికి మొదటిదే మేలు, ఎందుకో కింద చెబుతాను.

మొదటి రకంలో పెట్టె మీద 100 వాట్లు అని పెద్దగా ముద్రిస్తారు. అది హబ్ తట్టుకోగల గరిష్ఠం, ట్యాబ్‌కు చేరేది కాదు. ఛార్జర్ ఇచ్చేదాంట్లో హబ్ తనకోసం, తన పోర్టుల కోసం కొన్ని వాట్లు పక్కన పెట్టుకుని మిగిలిందే ట్యాబ్‌కు వదులుతుంది. కొన్ని హబ్‌లు 15 వాట్ల దాకా అట్టే పెట్టుకుంటాయి. ఐప్యాడ్‌తో వచ్చిన 20 వాట్ల ఛార్జర్ తగిలిస్తే ట్యాబ్‌కు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే బ్యాటరీ తగ్గుతోందని మీరు రాసింది ఇందువల్లే అయి ఉండాలి. 45 వాట్లో 65 వాట్లో ఇచ్చే ఛార్జర్ పెట్టుకోండి. ఎక్కువ వాట్ల ఛార్జర్ వల్ల ట్యాబ్ పాడవుతుందన్న భయం వద్దు. ఎంత కావాలో ట్యాబే అడిగి తీసుకుంటుంది.

మీ చవక హబ్‌లో ఎనిమిది పోర్టులున్నాయన్నారు. వాటిలో హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ రంధ్రం, మెమరీ కార్డు, నెట్ కేబుల్ రంధ్రం కూడా ఉండి ఉంటాయి. సంగీతానికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు సరికదా, హెడ్‌ఫోన్ రంధ్రం చెడు చేస్తుంది. ఆ రంధ్రం వెనక హబ్‌లోనే ఒక చిన్న సౌండ్ కార్డు ఉంటుంది. ఐప్యాడ్ దృష్టిలో అది కూడా మీ ఇంటర్‌ఫేస్ లాంటి ఆడియో పరికరమే. ఐప్యాడ్ సాధారణంగా ఒక సమయంలో ఒక్క ఆడియో పరికరాన్నే వాడుతుంది, ఎక్కువగా ఆఖరున తగిలించినదాన్ని. హబ్ ఒక్కసారి తడబడి లేచిందంటే, ఇంటర్‌ఫేస్‌లోంచి వెళ్లాల్సిన శ్రుతి ఎవరూ ఏమీ తగిలించని ఆ రంధ్రంలోకి పోతుంది. అన్నీ తగిలించే ఉంటాయి, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, స్పీకర్లలో మాత్రం నిశ్శబ్దం. హెచ్‌డీఎంఐతోనూ ఇదే చిక్కు, తెర తగిలిస్తే శబ్దం అటు మళ్లవచ్చు. మూడో నాలుగో మామూలు యూఎస్‌బీ-ఏ (పాత వెడల్పు మూతి) పోర్టులు, ఒక పవర్ డెలివరీ పోర్టు, అంతకు మించి ఏమీ లేని హబ్ వెతకండి. అలాంటివి చూడటానికి బీదగా ఉంటాయి, దుకాణాల్లో ముందు వరసలో కూడా పెట్టరు. మన పనికి అవే మంచివి.

కొన్ని హబ్‌లలో కరెంటు తీసుకునే సీ పోర్టు గుండా డేటా వెళ్లదు, అది ఛార్జింగ్‌కే. చూడటానికి మాత్రం మిగతా సీ పోర్టుల్లాగే ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌ను అందులో పెట్టి, పాడైపోయిందని తిరిగి పంపేసేవాళ్లున్నారు. వివరాల్లో ఏ పోర్టుకు డేటా ఉందో చదివి కొనండి.

హబ్‌ను ట్యాబ్ పక్కన నేరుగా గుచ్చే రకం వద్దు. హరికథ వేదికంటే చెక్కబల్లల మీద పరిచిన తివాచీ. భాగవతార్ గజ్జెలు కట్టి అడుగు వేసినప్పుడల్లా బల్ల అదురుతుంది. స్టాండు మీదున్న ట్యాబ్‌కు నాలుగు కేబుళ్లు వేలాడే హబ్ నేరుగా గుచ్చి ఉంటే ఆ బరువంతా సీ పోర్టే మోయాలి. జానెడు తోక కేబుల్ ఉన్న హబ్ తీసుకుని, హబ్‌ను స్టాండు కడ్డీకి వెల్క్రో పట్టీతో బిగించండి. ఆ తోక హబ్‌లోంచి ఊడదీసి మార్చుకునే రకమైతే ఇంకా మంచిది. మొదట అరిగేది తోకే. హబ్‌లోకి అతికించి ఉంటే, తోకతో పాటు హబ్ కూడా చెత్తబుట్టకే.

ఇప్పుడు కేబుల్. సీ అన్నది మూతి ఆకారం మాత్రమే. లోపల ఏముందో అది చెప్పదు. ఒకే రకంగా కనిపించే మూడు కేబుళ్లలో ఒకటి థండర్‌బోల్ట్, ఒకటి యూఎస్‌బీ 2.0, మరొకటి డేటా తీగలే లేని ఛార్జింగ్ కేబుల్ కావచ్చు. మూడోది తెలుసుకోవడం తేలిక. ఆ కేబుల్‌తో ట్యాబ్‌నో ఫోన్‌నో కంప్యూటర్‌కు కలపండి. ఛార్జ్ అవుతూ కంప్యూటర్‌లో పరికరం పేరు కనిపించకపోతే ఆ కేబుల్ సంగీతానికి పనికిరాదు. దానికి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టండి. చీకట్లో సంచీలో చెయ్యి పెట్టినప్పుడు తేడా తెలియదు.

మీరు అడిగిన 240 వాట్ల కేబుల్ గురించి: వాట్లు ఎక్కువున్నంత మాత్రాన డేటా వేగం ఎక్కువని కాదు. అలాంటి కేబుళ్లలో చాలావాటికి డేటా వేగం 480 మెగాబిట్లే. మనకు అది లోటు కాదు. 60 వాట్ల కేబుల్ 3 యాంపియర్లు మోస్తుంది, మీ ట్యాబ్‌కు అది చాలు. 5 యాంపియర్ల కేబుల్‌లో తన శక్తి ఎంతో చెప్పే చిప్ ఒకటి ఉంటుంది, అందుకే ధర ఎక్కువ.

నిజంగా చూడాల్సింది పొడవు, లోపలి రాగి మందం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కీబోర్డు ఆగిపోవడానికి హబ్ ఎంత కారణమో కేబుల్ కూడా అంతే కారణం కావచ్చు. కొన్ని కేబుళ్ల తొడుగు మీద సన్నని అక్షరాల్లో 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని రాసి ఉంటుంది. అది తీగ మందం కొలత, అంకె తగ్గేకొద్దీ తీగ లావు. 28 నంబరు రాగి తీగకు మీటరుకు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, 24 నంబరుకు 0.084. రెండు మీటర్ల కేబుల్ అంటే కరెంటు వెళ్లి రావడానికి నాలుగు మీటర్లు. 500 మిల్లీయాంపియర్లు లాగే ఇంటర్‌ఫేస్‌కు 28 నంబరు తీగలో సుమారు 0.43 వోల్టులు దారిలోనే ఆవిరవుతాయి, 5 వోల్టులు 4.57కు పడతాయి. 24 నంబరైతే పోయేది 0.17 మాత్రమే. హబ్ దగ్గరే కొంత తగ్గి ఉంటే, సన్నతీగ కేబుల్ మిగతా పని పూర్తి చేస్తుంది. అందుకే ఇంటర్‌ఫేస్‌కు అర మీటరు నుంచి ఒక మీటరు, కీబోర్డుకు మీటరున్నర, అంతే. దూరం కావాలంటే మైకు కేబుల్ పెంచండి, స్పీకర్ వైపు కేబుల్ పెంచండి, యూఎస్‌బీ మాత్రం పొట్టిగా ఉంచండి. యూఎస్‌బీ 2.0కు 5 మీటర్ల దాకా అనుమతి ఉన్న మాట నిజమే గానీ ఆ హద్దు దాకా వెళ్లి కచేరీ చేయకండి.

మీ కీబోర్డు సీ నుంచి సీ కేబుల్‌తో అసలు లేవడం లేదు, యూఎస్‌బీ-ఏ నుంచి సీ కేబుల్‌తో లేస్తోంది అన్నారు. అది కేబుల్ తప్పు కాదు. కరెంటు తీసుకునే పరికరం తన సీ పోర్టులో రెండు చిన్న నిరోధకాలు పెట్టుకోవాలి. అవి కనిపిస్తేనే అవతలి సీ పోర్టు కరెంటు వదులుతుంది. కొన్ని చవక పరికరాల్లో తయారీదారులు వాటిని పెట్టరు. యూఎస్‌బీ-ఏ పోర్టుకు ఆ పట్టింపు లేదు, ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. హబ్‌లో యూఎస్‌బీ-ఏ పోర్టులుండటమే మేలని పైన అన్నది ఇందుకు కూడా.

ఇక వేదిక సంగతి. మన ఊళ్లలో కథ మధ్యలో కరెంటు పోవడం, రెండు నిమిషాల్లో జనరేటర్ అందుకోవడం మామూలే. అప్పుడు మీ హబ్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఛార్జర్ ఆగిన క్షణం నుంచి కరెంటు ఇచ్చే బాధ్యత ఐప్యాడ్‌కు మారాలి. హబ్‌కూ ట్యాబ్‌కూ మధ్య ఒప్పందం కొత్తగా జరుగుతుంది. చాలా హబ్‌లలో ఆ రెప్పపాటులో పోర్టులన్నీ ఆగి మళ్లీ లేస్తాయి. కీబోర్డు, ఇంటర్‌ఫేస్ రెండూ ఊడి తగిలినట్టే. జనరేటర్ రాగానే ఇదంతా మళ్లీ. కొన్ని యాప్‌లు వాటంతట అవి కోలుకుంటాయి, కొన్నింటిని మూసి తెరవాలి. కథ మధ్యలో శ్రుతి తెగితే భాగవతార్‌కు ఎంత కష్టమో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆయన కట్టిన భావమంతా జారిపోతుంది. కపిలేశ్వరపురంలో హరికథకే ఒక పాఠశాల నడుస్తున్న ప్రాంతం మనది. ఆ కళకు పక్కన కూర్చునేవాళ్లుగా ఈ ఒక్క శ్రుతి తెగకుండా చూసుకోవడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి నేను అందరికీ చెప్పే మందు ఒకటే: వేదిక మీద హబ్‌కు గోడ ఛార్జర్ పెట్టకండి, పవర్ డెలివరీ ఉన్న పవర్ బ్యాంకు పెట్టండి. 30 వాట్లు లేదా అంతకంటే ఎక్కువ ఇచ్చేది, 20,000 మిల్లీయాంపియర్-అవర్లది. లోపలి సెల్ వోల్టేజి 3.7 కాబట్టి అందులో 74 వాట్-అవర్లు ఉంటాయి. మార్పిడిలో పోయేది పోగా 60 అనుకోండి. ట్యాబ్, ఇంటర్‌ఫేస్, కీబోర్డు కలిసి 12 వాట్లు తీసుకున్నా ఐదు గంటలు వస్తుంది. ఊళ్లో కరెంటు పోయినా మీ శ్రుతి నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆ పవర్ బ్యాంకు రెండో పోర్టులో ఎవరినీ ఫోను పెట్టుకోనివ్వకండి. చాలా పవర్ బ్యాంకులు, బహుళ పోర్టుల ఛార్జర్లు కొత్త పరికరం తగలగానే అన్ని పోర్టుల పంపకాన్ని తిరగరాస్తాయి, దాంతో మీ హబ్ ఒక్క క్షణం ఆగుతుంది. కార్యక్రమంలో ఎవరో ఒకరు ఛార్జింగ్ అడగకుండా ఉండరు కాబట్టి రెండో పోర్టు మీద ముందే టేపు వేసేయండి.

పవర్ బ్యాంకుతో మీ రెండో బాధ, ఆ హోరు కూడా చాలావరకు తీరుతుంది. హోరు పుట్టేది ఇలా. మీ ఛార్జర్ ఒక చోట, మైక్‌సెట్ వాళ్ల మిక్సర్, యాంప్లిఫయర్ మరో చోట కరెంటు తీసుకుంటాయి. రెండిటి మధ్య ఎర్త్ వోల్టేజిలో తేడా ఉంటే, ఆ తేడా మీ ఆడియో కేబుల్ కవచం గుండా ప్రవహిస్తుంది. రెండు పిన్నుల ఛార్జర్‌కు ఎర్తే ఉండదు. దాని లోపలి కెపాసిటర్ గుండా కొద్దిగా కరెంటు జారుతుంది. లోహపు ట్యాబ్ మీద వేలు ఆనిస్తే జివ్వుమనడం ఇదే. ఛార్జర్, మిక్సర్ రెండూ ఒకే జంక్షన్ బాక్సు నుంచి, సరైన ఎర్త్ ఉన్న సాకెట్ నుంచి తీసుకుంటే కొంత తగ్గుతుంది. పవర్ బ్యాంకుకు నేలతో సంబంధమే లేదు కాబట్టి అసలు ఆ దారే మూసుకుపోతుంది. సౌండ్ చెక్ సమయంలో ఛార్జర్ తీసి చూడండి. హోరు పోతే దోషం ఇదే. పోకపోతే మైకు కేబుల్‌నో, లైట్ల డిమ్మర్‌నో అనుమానించాలి.

ఇంటర్‌ఫేస్ నుంచి మిక్సర్‌కు బ్యాలెన్స్‌డ్ కేబుల్ (శబ్దాన్ని రెండు తీగల్లో పంపి, దారిలో చేరిన హోరును కొట్టేసేది) వాడండి. అప్పటికీ మిగిలితే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు అనే చిన్న పెట్టెను మధ్యలో పెట్టి, ఆడియో కేబుల్ కవచం దారిని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. మీరు ప్రస్తావించిన యూఎస్‌బీ ఐసోలేటర్ (రెండు వైపుల మధ్య కరెంటు సంబంధం తెంచే పరికరం) వద్దు. తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా 12 మెగాబిట్ల దగ్గర ఆగిపోయేవి, మీ ఇంటర్‌ఫేస్ వాటి గుండా సరిగా నడవకపోవచ్చు. ఇంకొకటి, దీన్ని ప్రాధేయపడి చెబుతున్నాను: హోరు తగ్గుతుందని యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లుంటారు. తడి నేల, జనరేటర్, చేతిలో మైకు. అలా ప్రాణాలు పోతాయి. ఎవరైనా చేస్తుంటే ఆపండి.

భాగవతార్‌కు గుండీ దగ్గర పెట్టే వైర్‌లెస్ మైకు ఉంటే దాని రిసీవర్‌ను హబ్ పక్కన పెట్టకండి. ఇప్పుడు చవకగా వస్తున్న ఇలాంటి మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. యూఎస్‌బీ 3 హబ్‌లు, కేబుళ్ల నుంచి అదే చోట రేడియో అలజడి వెలువడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద పత్రం విడుదల చేసింది. ఒక మీటరు ఎడం ఉంచితే చాలు. బ్లూటూత్ మిడి వేదిక మీద వద్దనడానికీ ఇదొక కారణం.

మీ చెల్లెలి ఆండ్రాయిడ్ ట్యాబ్ గురించి కూడా అడిగారు. ఆండ్రాయిడ్ 5 నుంచి యూఎస్‌బీ ఆడియో, 6 నుంచి మిడి ఉన్నాయి. కానీ కొన్ని చవక ట్యాబులు ఒకేసారి ఛార్జ్ అవుతూ హబ్‌ను నడపలేవు. కొనకముందే దుకాణంలో హబ్, ఛార్జర్, కీబోర్డు మూడూ తగిలించి చూడటం తప్ప మరో దారి లేదు.

సముద్రానికి దగ్గర, అంతర్వేది వైపు కార్యక్రమాలు చేసేవాళ్లకు ఉప్పుగాలి బెడద ఉంది. పిన్నుల మీద పచ్చటి చిలుము మొదలైతే డేటా అప్పుడప్పుడు తెగుతుంది, అది హబ్ దోషంలాగే కనిపిస్తుంది. కేబుల్ మూతిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో దాచండి. బియ్యంలో పెట్టడం వద్దు, దుమ్ము పోర్టులోకి చేరుతుంది.

కొనే వరస నన్నడిగితే ఇలా: మొదట ఇంటర్‌ఫేస్‌కు, కీబోర్డుకు లావు తీగ ఉన్న పొట్టి కేబుళ్లు, ఒక్కోదానికి ఒక అదనపుది. వాటితోనే కీబోర్డు ఆగడం తగ్గవచ్చు. తర్వాత పవర్ బ్యాంకు. మీ ఇప్పటి హబ్‌కు పవర్ డెలివరీ పోర్టు ఉంటే వీటితో కలిపి ఒకసారి చూసి, అప్పటికీ ఊడుతుంటేనే కొత్త హబ్. మీ ఇంటర్‌ఫేస్‌కు విడిగా 5 వోల్టులు తీసుకునే రంధ్రం వెనక ఉందేమో కూడా చూడండి. ఉంటే దానికి వేరే చిన్న పవర్ బ్యాంకు తగిలించండి, హబ్ భారం బాగా తగ్గుతుంది. హబ్ వాపసు గడువులోనే ఇంట్లో అన్నీ తగిలించి, ఫాంటం వేసి, తెర ఆరకుండా పెట్టి, ఒక పూర్తి కథ నడిచేంతసేపు శ్రుతి వదలండి. వేదిక మీద పవర్ బ్యాంకును హబ్‌కు ముందు తగిలించి, తర్వాత హబ్‌ను ట్యాబ్‌కు, ఆపైన కీబోర్డు, ఆఖరున ఇంటర్‌ఫేస్ పెట్టి, అప్పుడు యాప్ తెరవండి. ఇన్ని చేశాక కూడా కీబోర్డు ఊడితే ఇంటర్‌ఫేస్ మోడల్ పేరు, దాని అడుగున ముద్రించిన వోల్టులు, మిల్లీయాంపియర్ల అంకెలు రాయండి, చూసి చెబుతాను.